కాలువ లాకు, ఫోను లాక్

ఇంగ్లీషులో 'లాక్' అనే మాట మీకు ఎక్కడెక్కడ ఎదురైందో, ఎక్కడ అర్థం కాకుండా పోయిందో రాసి పంపమని కిందటి నెల ఈ శీర్షికలో అడిగాను. కాలువ గట్టు నుంచి ధనుర్వాతం దాకా, బ్యాంకు కాగితాల నుంచి లారీ స్టీరింగు దాకా ఉత్తరాలు వచ్చాయి. నేను ఇంగ్లీషు టీచరుగా ఉద్యోగం చేసినదంతా గోదావరి పాయ వశిష్ఠకు ఇరువైపులా ఉన్న ఊళ్లలోనే. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో లస్కరు, అంటే కాలువ గేట్లు చూసుకునే ఉద్యోగి. కాలువ లాకు పక్కనున్న క్వార్టరులో పెరిగిన దాన్ని కనుక ఈ మాట మీద నాకు మమకారం ఎక్కువ. ఈ సంచికలో శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: మేడమ్, 'లాక్' అంటే తాళం అని బడిలో రాయించారు. మా ఊరి దగ్గర కాలువ మీద ఉన్నవాటిని లాకులు అంటారు. అక్కడ తాళమేమీ కనబడదు. రెండూ ఒకే మాటా, వేర్వేరా?
— పదో తరగతి విద్యార్థిని, ఆత్రేయపురం మండలం

జవాబు: ఒకే మాటేనమ్మా. పాత ఇంగ్లీషులో ఈ మాటకు తలుపు గడియ అనే అర్థంతోపాటు, మూసి ఉంచిన చోటు అనే అర్థం కూడా ఉండేది. గడియ వైపు నుంచి మన ఇంటి తాళం వచ్చింది. మూసి ఉంచిన చోటు వైపు నుంచి కాలువ లాకు వచ్చింది. అక్కడ మూసి ఉంచేది నీటిని.

మీ దగ్గరే లొల్ల లాకులు ఉన్నాయి కదా, ఒకసారి వెళ్లి నిదానంగా చూడు. డెల్టా చూడటానికి చదునుగా ఉన్నా, ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల మెల్లగా దిగుతూ పోతుంది. ఆ వాలుకు కాలువను ఒకే పొడవున వదిలేస్తే నీళ్లు పరుగెత్తి గట్లు కోసేస్తాయి. అందుకే అక్కడక్కడ అడ్డుకట్టలు కట్టి, కాలువను మెట్లుమెట్లుగా దింపారు. నీళ్లయితే గేట్ల కిందినుంచి దూకి పోతాయి, మరి పడవ ఎలా దిగుతుంది? దానికోసం పక్కన రాతి గోడలతో ఒక తొట్టి కట్టి, ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత తలుపులు పెట్టారు. కిందికి పోయే పడవ ఎగువ తలుపుల్లోంచి నిండుగా ఉన్న తొట్టిలోకి వస్తుంది. వెనక తలుపులు మూసేస్తారు. దిగువ తలుపుల్లో ఉన్న చిన్న తూములు ఎత్తుతారు. తొట్టిలో నీళ్లు తగ్గుతూ ఉంటే పడవ కూడా గోడల మధ్య నెమ్మదిగా దిగుతుంది. లోపలి మట్టం, బయటి మట్టం సమానమయ్యాక దిగువ తలుపులు తెరిస్తే పడవ తన దారిన పోతుంది. పైకి రావలసిన పడవకు ఇదంతా తలకిందులుగా జరుగుతుంది.

ఆ తలుపులు మూసినప్పుడు ఒకే గీతలో నిలబడవు, గమనించు. రెండు అరచేతుల వేళ్లు ఇంటి కప్పులా ఆనించినట్టు, ఎగువ వైపు మొన తిరిగి కలుస్తాయి. ఎగువ నీళ్లు ఎంత గట్టిగా నెడితే అవి అంత బిగుసుకుంటాయి. మట్టాలు సమానం కాకముందు ఎందరు తోసినా తెరుచుకోవు. మట్టాలు కలిశాక మా నాన్నగారు, ఇంకొకాయన చెరోవైపు దూలానికి భుజం ఆనించి నడిస్తే చాలు, అంత బరువైన తలుపూ కదిలేది. ధాన్యం బస్తాలతో, కొబ్బరికాయలతో నిండిన పడవలు ఆ తొట్టిలో దిగడం చూస్తూ పెరిగాను. గట్టు మీద తాడు లాగే మనుషులు ఆ కాసేపే కూర్చుని చుట్ట కాల్చుకునేవారు.

కాబట్టి తాళం వేరు, లాకు వేరు అన్నట్టు కనబడినా వాటి లోపలి పని ఒకటే: మూయడం, సమయం వచ్చినప్పుడు తెరవడం. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టించి 1852 నాటికి పూర్తి చేయించాడు. ఆ కాలువలు పొలాలకు నీళ్లు ఇవ్వడంతో సరిపెట్టకుండా సరకు కూడా మోయాలన్నది ఆయన పట్టుదల. రైళ్లకన్నా నీటి దారులే ఈ దేశానికి చవక అని గట్టిగా వాదించిన మనిషి. అందుకే తూర్పు డెల్టాకు ధవళేశ్వరంలో, మధ్య డెల్టాకు బొబ్బర్లంకలో, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరంలో, కాలువ తల దగ్గరే లాకులు కనబడతాయి. అప్పుడే ఈ మాట మన నోటికి వచ్చింది. బదులుగా ఇంగ్లీషువాళ్లు దక్షిణాది మాటను తీసుకున్నారు. మనం ఆనకట్ట అనేదాన్ని వాళ్లు తమిళం నుంచి అందుకుని 'ఆనికట్' అని తమ నిఘంటువుల్లో చేర్చుకున్నారు.

ఇంకొక్క మాట. రెండువైపులా తలుపులున్న ఈ తొట్టి లాకు యూరపులో పుట్టిందని చాలామంది అనుకుంటారు. చైనాలో మహా కాలువ మీద 984లోనే చియావో వెయ్‌యుయె అనే అధికారి అలాంటిది కట్టించాడు. 1914లో తెరిచిన పనామా కాలువలో ఓడలను 26 మీటర్ల ఎత్తుకు ఎక్కించేదీ ఇదే సూత్రం. లొల్లలో నువ్వు చూసేది ఆ కుటుంబానికి చెందినదే. ఇప్పుడు చాలా లాకుల్లో తలుపులు తుప్పుపట్టి, గుర్రపుడెక్క పేరుకుని ఉంది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలను, గోదావరి, కృష్ణా నదుల దారులను కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ ప్రకటన మన లాకుల తలుపుల దాకా రావాలని నా కోరిక.

ప్రశ్న: కాలువ మీదిది 'లాకు', ఫోనుకు వేసేది 'లాక్'. ఒకే మాటను రెండు రకాలుగా ఎందుకు రాస్తాం? ఏది తప్పు?
— డీటీపీ ఆపరేటరు, భీమవరం

జవాబు: రెండూ ఒప్పే. ఒకే మాటను మనం రెండుసార్లు తెచ్చుకున్నాం. తెలుగు మాట అచ్చుతో ముగియాలని కోరుకుంటుంది. పాతకాలంలో వచ్చిన ఇంగ్లీషు మాటల్లో చాలావాటికి చివర ఉకారం తగిలించి మనవాళ్లు సొంతం చేసుకున్నారు: కోర్టు, రైలు, బస్సు, బ్యాంకు. లాకు ఆ వరసలోది. దానికి బహువచనం, విభక్తులు అన్నీ చక్కగా కుదురుతాయి: లాకులు, లాకుల దగ్గర, లాకు మీద. ఫోను లాక్ వచ్చేసరికి ఇంగ్లీషు చదివినవాళ్లు పెరిగారు, మాటను పొల్లుతోనే ఉంచేశారు. అర్థాలు కూడా పంచుకున్నాయి చూడండి. 'లాకు తీశారు' అంటే డెల్టాలో ఎవరికైనా కాలువే గుర్తొస్తుంది, 'లాక్ తీశాడు' అంటే ఫోను గుర్తొస్తుంది. అచ్చువేసేటప్పుడు ఈ తేడా కాపాడండి, 'కాలువ లాక్' అని సరిదిద్దకండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లీషు పద్యంలో 'లాక్స్' అని ఉంది. తాళాలు అని అర్థం చెప్పుకుంటే పద్యం కుదరడం లేదు.
— గృహిణి, తణుకు

జవాబు: కుదరదమ్మా, అక్కడున్నవి కురులు. ఇది వేరే మాట. తాళం అర్థమున్న మాటకూ దీనికీ పాత ఇంగ్లీషులో రాత వేరుగానే ఉండేది, కాలక్రమంలో రెండూ ఒకే రూపానికి వచ్చి చేరాయి. మనకు 'పాలు' అంటే తాగేవీ ఉన్నాయి, వాటాలూ ఉన్నాయి, అలాంటిదే. పాప నుదుటి మీద పడేవి ముంగురులు, నూనె రాసి విడదీసేది పాయ. రెండింటికీ ఇంగ్లీషులో ఈ మాట వాడవచ్చు. 'డ్రెడ్‌లాక్స్' అని వినే ఉంటారు, అవి మన సాధువుల జటల్లాంటి కట్లు. పద్యంలో పక్కనే బంగారు రంగు, నలుపు, గాలి, భుజం లాంటి మాటలు ఉంటే అది జుట్టేనని నిశ్చింతగా అనుకోవచ్చు.

ప్రశ్న: ఆసుపత్రిలో గోడ మీద కాగితంలో ధనుర్వాతం పక్కన 'లాక్‌జా' అని ఉంది. దవడకు తాళమేమిటి?
— కౌలు రైతు, రాజోలు ప్రాంతం

జవాబు: ఆ జబ్బులో మొదట కనబడే గుర్తుల్లో ఒకటి దవడ కండరాలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోకపోవడం. ఇంగ్లీషువాళ్లు దాన్ని చూసి పేరు పెట్టారు. జబ్బు ముదిరితే వీపు కండరాలు బిగిసి ఒళ్లు విల్లులా వంగుతుంది. మనవాళ్లు దాన్ని చూసి ధనుర్వాతం అన్నారు. ఒకే జబ్బును రెండు భాషలు రెండు చోట్ల నుంచి చూశాయి.

మీరు పొలంలో పనిచేసేవారు కనుక అడగకపోయినా చెబుతాను. తుప్పు మేకు గుచ్చుకుంటేనే వస్తుందన్న నమ్మకం పక్కన పెట్టండి. ఆ సూక్ష్మక్రిమి ఉండేది మట్టిలో, పశువుల పేడలో. దాళ్వా (రెండో పంట) నాట్లప్పుడు కాలికి ముల్లు దిగినా, కొడవలి తెగినా, గాయం శుభ్రంగా కడుక్కుని ఆసుపత్రికి వెళ్లి టీకా సంగతి అడగండి. పసుపు అద్దుకుని ఊరుకోవద్దు.

ప్రశ్న: మా మిల్లు గేటుకు 'లాకౌట్' నోటీసు అంటించారు. పోలీసు స్టేషనులో ఉండేది లాకప్పు. కరోనా అప్పుడు వచ్చింది లాక్‌డౌన్. చివర ముక్క మారితే ఇంత మారుతుందా?
— జనపనార మిల్లు కార్మికుడు, ఏలూరు

జవాబు: మారుతుందండీ, మారేది మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నది. తలుపు మూసినప్పుడు మనిషి బయట మిగిలితే లాకౌటు. లోపల మిగిలితే లాకప్పు. లాక్‌డౌన్‌లో ఎవరు ఎక్కడున్నారో అక్కడే ఆగిపోవాలి. అమెరికా జైళ్లలో అల్లర్లప్పుడు ఖైదీలందరినీ వాళ్ల గదుల్లోనే ఉంచేసే పద్ధతికి వాడిన మాట అది. 2020 మార్చి 25 నుంచి మన దేశమంతా అమలయ్యాక తెలుగులో పసిపిల్లల నోట కూడా పలికింది.

మీకు అసలు కావలసింది లాకౌటు. సమ్మె అంటే కార్మికులు పని ఆపడం, లాకౌటు అంటే యజమాని పని ఆపడం. మన పారిశ్రామిక చట్టం దాన్ని మూడు రకాలుగా నిర్వచించింది: పనిచోటును తాత్కాలికంగా మూసేయడం, పనిని నిలిపివేయడం, ఉద్యోగంలో ఉన్నవాళ్లను కొనసాగించడానికి యజమాని నిరాకరించడం. 'తాత్కాలికంగా' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. శాశ్వతంగా మూసేయడానికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది, 'క్లోజర్'. దాని నియమాలు వేరు, పరిహారం లెక్క వేరు. నోటీసులో ఏ మాట ఉందో కాగితం దగ్గరగా చూసి, తేదీతో సహా రాసుకుని, దాన్ని తీసుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి.

ప్రశ్న: మావారు పోయాక వచ్చిన డబ్బు ఒక పథకంలో పెట్టించారు. ఇప్పుడు అడిగితే 'లాకిన్' ఉందండీ అంటున్నారు. డబ్బు పోయినట్టా?
— పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పోలేదమ్మా, ధైర్యంగా ఉండండి. ఫలానా గడువు దాకా ఆ డబ్బు వెనక్కి తీసుకోవడానికి వీలు లేదని దాని అర్థం. పన్ను మినహాయింపు కోసం బ్యాంకులో వేసే ప్రత్యేక ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు ఆ గడువు 5 ఏళ్లు. పన్ను ఆదా మ్యూచువల్ ఫండ్లకు 3 ఏళ్లు, అయితే వాటిలో డబ్బు విలువ పెరగవచ్చు, తగ్గవచ్చు కూడా. మీ దగ్గరున్న పత్రం మీద పథకం పేరు, మొదలైన తేదీ, గడువు ముగిసే తేదీ ఉంటాయి. ఆ మూడూ మీకు నమ్మకమున్న చదువుకున్నవారితో చదివించుకోండి.

ఇలాంటి ఉత్తరం చదివితే నాకు బాధ కలుగుతుంది, కోపమూ వస్తుంది. 'మూడేళ్ల దాకా ఈ డబ్బు తీయలేరమ్మా' అని తెలుగులో చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? సంతకం పెట్టించుకునేటప్పుడు చెప్పవలసిన మాటను, డబ్బు అవసరమై అడిగినప్పుడు ఇంగ్లీషులో చెప్పడం అన్యాయం. ఈ పత్రిక చదివే బ్యాంకు ఉద్యోగులకు, ఏజెంట్లకు నా విన్నపం: సంతకానికి ముందే ఆ గడువును తెలుగులో, నెలా సంవత్సరం పేరుతో చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి పోటీ పరీక్షలకు నిఘంటువులో ఒక్కో మాటకు ఉన్న అర్థాలన్నీ వరసగా కంఠస్థం చేస్తున్నాడు. 'లాక్' దగ్గర రెండు రోజులు ఆగిపోయాడు. ఇది సరైన పద్ధతేనా?
— ఒక తండ్రి, అమలాపురం

జవాబు: కాదండీ, ఆపించండి. ఇంగ్లీషు పాఠం చెప్పినన్నాళ్లూ నేను పోట్లాడింది దీనిమీదే. నిఘంటువులో అర్థాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వాడుకలో ఎప్పుడూ అలా ఉండవు. వాడుకలో మాట ఒంటరిగా రాదు, తోడు తెచ్చుకుని వస్తుంది. ఆ తోడును పట్టుకుంటే అర్థం దానంతట అదే దొరుకుతుంది. 'పిక్' అనే క్రియ పక్కన ఉంటే అది తాళంచెవి లేకుండా తాళం తీయడం, దొంగలు చేసే పని. 'హార్న్స్' పక్కన ఉంటే ఇద్దరు ఢీ అంటే ఢీ అని తలపడటం. సంక్రాంతికి పొట్టేళ్ల కొమ్ములు ఒకదానిలో ఒకటి చిక్కుకుని విడివడకపోవడం మీ అబ్బాయి చూసే ఉంటాడు, ఆ జాతీయం పుట్టింది అలాంటి దృశ్యంలోనే. 'లాక్, స్టాక్ అండ్ బ్యారెల్' అని మూడూ కలిసి వస్తే అవి పాత తుపాకీ భాగాలు: పేల్చే యంత్రం, చెక్క పిడి, గొట్టం. తుపాకీ మొత్తం అదే కనుక 'ఏమీ మిగల్చకుండా అంతా' అని అర్థం. ఊరు విడిచి వెళ్లినవాళ్ల గురించైతే మనం తట్టాబుట్టా సర్దుకుని అంటాం.

అతనికి ఒక పని చెప్పండి. ఇంగ్లీషు దినపత్రిక చదివేటప్పుడు ఈ మాట కనబడిన ప్రతి వాక్యాన్నీ పూర్తిగా నోటుపుస్తకంలో ఎక్కించమనండి. వాక్యం కింద తెలుగు అర్థం కాకుండా, ఆ మాటకు ముందు ఏముంది, తరవాత ఏముంది అని రాయమనండి. అర్థం ఆఖరున రాసుకోవచ్చు. పరీక్షలో ఖాళీలు పూరించమని అడిగేది కూడా ఈ తోడు మాటలనే.

ప్రశ్న: 'వెడ్‌లాక్' అంటే పెళ్లి అట. పెళ్లిని తాళంతో పోల్చారా? మరి లాకెట్టు కూడా తాళమేనా?
— బీఎడ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: మొదటిది కాదు, రెండోది అవును. 'వెడ్‌లాక్'లో తొలి భాగానికి పాత ఇంగ్లీషులో ప్రమాణం అని అర్థం, మలి భాగం 'చేయడం' అనే భావాన్నిచ్చే ప్రత్యయం. ప్రమాణం చేయడం, అంతే. తాళం దాని దరిదాపుల్లో లేదు. ఆ ప్రత్యయం ఇంగ్లీషులో మిగిలింది ఈ ఒక్క మాటలోనే అంటారు. మంత్రగాడనే అర్థమున్న 'వార్‌లాక్', విషపు మొక్క పేరైన 'హెమ్‌లాక్' కూడా తాళానికి చుట్టాలు కావు. లాకెట్టు మాత్రం తాళం బంధువే. ఫ్రెంచిలో గడియకు ఉన్న పేరు నుంచి వచ్చింది, ఆ ఫ్రెంచి మాటకూ ఇంగ్లీషు లాక్‌కూ మూలం ఒకటే. నొక్కితే టిక్కున మూసుకునే ఆ చిన్న మూత వల్ల పేరు నిలిచింది.

ప్రశ్న: గ్యారేజీలో 'ఫుల్ లాక్' తిప్పు అంటారు. స్టీరింగు లాక్ అయితే బండి తిరగదు కదా?
— లారీ డ్రైవరు, రావులపాలెం

జవాబు: రెండు వాడుకలున్నాయి. తాళంచెవి తీసేశాక స్టీరింగు బిగుసుకోవడం ఒకటి. ముందు చక్రాలు ఒక పక్కకు ఎంతవరకు తిరగగలవో ఆ హద్దు రెండోది. గ్యారేజీలో అడిగేది ఆ హద్దు దాకా తిప్పమని.

ప్రశ్న: అమెరికా నుంచి మా అన్నయ్య పిల్లలు వస్తున్నారు. లొల్ల లాకులు చూపిస్తాం. వాళ్లకు ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఏకవచనమా, బహువచనమా? పలకడం ఎలా?
— డిగ్రీ విద్యార్థి, కొత్తపేట

జవాబు: ఇంగ్లీషులో ఊరి పేరు ముందు పెట్టి ఏకవచనం వాడటం అలవాటు. లండన్ పక్కన థేమ్స్ నది మీద ఉన్నదాన్ని 'టెడింగ్‌టన్ లాక్' అంటారు. అలాగే 'లొల్ల లాక్' అనండి. మనం లాకులు అనేది అక్కడున్న తలుపులు, గేట్లు, అడ్డుకట్ట అన్నిటినీ కలిపి. ఒక్క తొట్టిని చూపిస్తూ మాట్లాడితే ఏకవచనమే సరి.

పలికేటప్పుడు ఒక జాగ్రత్త. 'ల్యాక్' అంటే కొరత, 'లక్' అంటే అదృష్టం, 'లేక్' అంటే చెరువు. మనకు కావలసిన మాటలో అచ్చు 'ఆ'కూ 'ఓ'కూ నడుమ, పొట్టిగా ఉంటుంది. అమెరికాలో పెరిగిన పిల్లలు 'ఆ'కు దగ్గరగానే పలుకుతారు కనుక మీరు తెలుగులో లాకు అన్నా వాళ్లకు అందుతుంది. కాలువలు కట్టేసే వేసవిలో తీసుకెళ్లకండి, తొట్టి ఎండిపోయి ఉంటుంది. సార్వాకు (తొలి పంటకు) నీళ్లు వదిలాక వెళ్లండి. తలుపుల మొన ఏ వైపుకు తిరిగి ఉందో ముందు పిల్లలనే చెప్పమనండి.